మన వ్యాపారానికి వాళ్ల పేజీ: చెర్రీవుడ్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్‌తో ప్రమోషన్ చేయించుకోవాలంటే

డబ్లిన్ నడిబొడ్డు నుంచి దక్షిణంగా వచ్చే లువాస్ గ్రీన్ లైన్‌లో చివరి స్టాపు బ్రైడ్స్ గ్లెన్. దానికి ముందుదే చెర్రీవుడ్. ట్రామ్ ఇక్కడి దాకా వచ్చింది 2010 అక్టోబరులో. కొత్త పట్టణం కట్టడానికి ప్రణాళిక ఆమోదం పొందింది 2014లో. కొత్త బ్లాకులు లేస్తూనే ఉన్నాయి, కొత్త కుటుంబాలు దిగుతూనే ఉన్నాయి. వీధి మొగలో తరతరాల కిరాణా కొట్టు, అమ్మమ్మ కాలం నుంచి తెలిసిన టైలరు ఉండే ఊరు కాదిది. పక్క బ్లాకులో ఎవరు గోంగూర పచ్చడి అమ్ముతున్నారో, ఎవరు బ్లౌజులు కుడుతున్నారో తెలిసేది ఫోన్లోనే.

అందుకే ఇక్కడ వారాంతపు బిర్యానీ ఆర్డర్లు మొదలుపెట్టినా, పుట్టినరోజు డెకరేషన్లు చేసినా, పిల్లలకు కూచిపూడి నేర్పినా, మనవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎవరి పేజీలో వేయిస్తే బాగుంటుంది?" ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతుక్కోవాలో, ఎంత ఇవ్వాలో, కాగితం మీద ఏం రాసుకోవాలో, ఐర్లండ్ చట్టం ఏమంటుందో ఈ వ్యాసంలో చూద్దాం. వేరే దేశాల్లో ఉన్నవాళ్ల కోసం చివర్లో కొంత సమాచారం ఉంది.

ఎంతమంది అని కాదు, ఎక్కడివాళ్లు అని అడగండి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఒక పాపులర్ పేజీకి 2 లక్షల మంది ఫాలోవర్లు ఉన్నారనుకుందాం. వాళ్లలో ఐర్లండ్‌లో ఉండేవాళ్లు నూటికి ఒక్కరు అనుకున్నా 2,000 మంది. అందులో సగం డబ్లిన్ చుట్టుపక్కల అనుకుంటే వెయ్యి. ఒక రీల్ ఫాలోవర్లందరికీ కనబడదు కాబట్టి, మీ బిర్యానీ కొనగలిగిన చోట ఉండి మీ రీల్ చూసేవాళ్లు ఏ రెండు మూడు వందల మందో తేలతారు. ఇప్పుడు ఐర్లండ్‌లోనే ఉండి, ఇక్కడి అద్దె ఇళ్లు, స్కూళ్లు, లెర్నర్ పర్మిట్ గురించి వీడియోలు చేసే చిన్న పేజీ చూడండి. ఫాలోవర్లు 6,000 మందే కావచ్చు. కానీ సగానికి పైగా ఇక్కడివాళ్లే అయితే 3,000 మందికి పైనే. ఇవి ఊహాలెక్కలే, కానీ తేడా ఎక్కడుందో తెలుస్తుంది. పెద్ద పేజీ పదింతలు అడుగుతుంది, పనికొచ్చే చూపులు మాత్రం చిన్న పేజీకే ఎక్కువ.

2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండ్ మొత్తం జనాభా సుమారు 51 లక్షలు. దేశమంతా కలిపినా ఒక్క హైదరాబాద్ అంత లేదు. అందులో తెలుగువాళ్లు, అందులోనూ మీ ఇంటికి అరగంట దూరంలో ఉండేవాళ్లు అంటే లెక్క ఇంకా చిన్నది. ఇలాంటి చోట లక్ష వ్యూస్ వచ్చాయన్న సంబరం కంటే, సాండీఫర్డ్‌లో దిగి ట్రామ్‌లో ఇంటికి వచ్చేటప్పుడు ఆర్డర్ పెట్టిన నలభై మంది విలువైనవాళ్లు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పచ్చళ్లు, చీరలు, ఆన్‌లైన్ సంగీత పాఠాలు లాంటివి ఎక్కడికైనా పంపగలిగినా, ఎక్కడినుంచైనా చెప్పగలిగినా, అప్పుడు ఊరి లెక్క సడలుతుంది. యూరప్ అంతటా ఉన్న తెలుగువాళ్లు చూసే పేజీ మీకు పనికొస్తుంది.

ఎవరెవరిని అడగవచ్చు

మన జనానికి వెంటనే గుర్తొచ్చేది ఐర్లండ్‌లో ఉంటూ తెలుగులో వ్లాగులు చేసేవాళ్లు. వాళ్ల తర్వాత డబ్లిన్ తిండి గురించి ఇంగ్లిష్‌లో పెట్టే పేజీలు ఉన్నాయి. మీరు దోశ, ఇడ్లీ, బిర్యానీ అమ్ముతుంటే వీళ్లను వదులుకోకండి. ఐరిష్ పొరుగువాళ్లు, పోలిష్, బ్రెజిలియన్ కుటుంబాలు కూడా మీ కొనుగోలుదారులే. మనవాళ్లు ఎంత బాగుందన్నా నెలకు ఒకసారే కొంటారేమో గానీ, దోశ రుచి మరిగిన పొరుగింటి ఐరిష్ ఆయన ప్రతి శనివారం వస్తాడు.

మనం లెక్కలోకి తీసుకోని మూడో రకం, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లు, ఫేస్‌బుక్ తెలుగు గ్రూపులు నడిపేవాళ్లు. రీల్స్ చేయరు, ముఖం చూపించరు. కానీ "ఈ ఆదివారం భోజనాలు ఎక్కడ దొరుకుతాయి" అని ఎవరైనా అడిగితే జవాబు వచ్చేది అక్కడే. చెర్రీవుడ్ లాంటి చోట అసలైన ఇన్‌ఫ్లుయెన్సర్లు వీళ్లేనని నా అభిప్రాయం. అడ్మిన్‌కు డబ్బో, ఉచిత భోజనమో ఇచ్చి పోస్ట్ పెట్టిస్తే అది కూడా ప్రకటనే. కింద చెప్పే నియమాలు దానికీ వర్తిస్తాయి.

ఒప్పుకునే ముందు ఆ పేజీని చదవండి

ఫాలోవర్ల సంఖ్యను డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. అందుకే మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ అకౌంట్ ఉన్నవాళ్లకు "ఇన్‌సైట్స్" కనబడతాయి. అందులో చూసేవాళ్లు ఏ దేశం, ఏ నగరం, ఏ వయసు అన్నది ఉంటుంది. "గత 30 రోజుల ఇన్‌సైట్స్ ఒకసారి స్క్రీన్ రికార్డ్ చేసి పంపగలరా?" అని అడగండి. స్క్రీన్‌షాట్‌ను మార్చడం తేలిక, రికార్డింగ్‌ను మార్చడం అంత తేలిక కాదు. ఈ పని తరచూ చేసేవాళ్లకు ఇది మామూలే, ఏమీ అనుకోరు. నొచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత కామెంట్లు. "సూపర్ అన్నా", నిప్పు బొమ్మలు, గుండె బొమ్మలు వందల్లో ఉంటే ఉపయోగం లేదు. "ఇది ఎక్కడ? రేటెంత? శనివారం ఉంటుందా?" అని అడిగే కామెంట్లు పది ఉన్నా చాలు. వాటికి పేజీ యజమాని జవాబు ఇస్తున్నారా లేదా అన్నది కూడా చూడండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ పేజీ గత ఏడాదిలో ఏమేం ప్రమోట్ చేసిందో వెనక్కి వెళ్లి చూడటం. తెలుగు సోషల్ మీడియాలో ఇది ఎంత పెద్ద విషయమో 2025లో అందరం చూశాం. బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేశారని ఆ ఏడాది ఫిబ్రవరిలో విశాఖలో ఒక యూట్యూబర్‌ను అరెస్టు చేశారు. మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో యూట్యూబర్లు, యాంకర్లు, సినిమా నటుల మీద కేసులు నమోదయ్యాయి. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న వి.సి. సజ్జనార్ ఈ ప్రమోషన్ల మీద సోషల్ మీడియాలోనే ప్రచారం నడిపారు. తర్వాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా రంగంలోకి దిగింది. కేసు పెట్టినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. కానీ నిన్న బెట్టింగ్ యాప్ లింకు ఇచ్చిన పేజీలో ఈరోజు మీ పిల్లల డాన్స్ క్లాసు కనబడితే, తల్లిదండ్రులు ఆ రెండింటినీ ఒకే చేత్తో తీసిపారేస్తారు. 2025 ఆగస్టులో భారత పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటనలు ఇవ్వడాన్ని కూడా నేరం చేసింది. కాబట్టి పాత పోస్టులు తీసేసి కొత్తగా ముస్తాబైన పేజీలు కూడా ఉండవచ్చు. పేరు కొట్టి వెతకడానికి పది నిమిషాలు చాలు.

ఎలా అడగాలి, ఏం రాసుకోవాలి

"హాయ్, కొలాబ్ చేద్దామా?" అన్న ఒక్క ముక్క మెసేజ్‌లు వాళ్లకు రోజూ వస్తాయి. మీది వేరేగా ఉండాలంటే సూటిగా ఉండాలి. ఇలా:

"నమస్తే అండి. మేము చెర్రీవుడ్‌లో శని, ఆదివారాలు ఆర్డర్ మీద దమ్ బిర్యానీ, పప్పు భోజనం చేస్తాం. ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ అయ్యాం. మీరు పెట్టిన డబ్లిన్ వీకెండ్ వీడియో చూశాం, మా కస్టమర్లు అలాంటివాళ్లే. ఒక రీల్, రెండు స్టోరీలకు మీ రేటు చెప్పగలరా? ప్రకటన అని లేబుల్ పెట్టాలని మా కోరిక. మీరు తిని, నచ్చితేనే చేయండి."

చివరి వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. రుచి చూడకుండా "సూపర్" అని చెప్పేవాళ్ల మాట ఎవరూ నమ్మరు, మీరూ నమ్మరు.

రేటు విషయంలో ఫలానా ఇంత అన్న ధర లేదు. ఎంత అడిగినా దాన్ని మీ లాభంతో పోల్చుకోండి. ఒక బిర్యానీ బాక్స్ 12 యూరోలకు అమ్మి, ఖర్చులన్నీ పోను మీకు 4 యూరోలు మిగులుతుందనుకుంటే, 200 యూరోల రీల్ డబ్బు తిరిగి రావాలంటే 50 బాక్సులు అదనంగా అమ్ముడుపోవాలి. మీ వంటగదిలో ఒక వారాంతంలో చేయగలిగేదే 40 బాక్సులైతే, ఆ రీల్ ఒక్క వారంలో గిట్టుబాటు కాదు. అదే నెలకు 80 యూరోల ఫీజుతో పన్నెండు మంది పిల్లల డాన్స్ క్లాసు నడుపుతున్నవాళ్లకు ముగ్గురు కొత్త పిల్లలు చేరితే చాలు. కాబట్టి ఒకరికి ఖరీదైన రేటు ఇంకొకరికి చవక. పక్కవాళ్లు ఎంత ఇచ్చారో అడిగి అంతే ఇవ్వడం మన అలవాటు, ఇక్కడ అది పనికిరాదు.

తెలిసినవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయకండి. వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌గా రాసి, ఇద్దరూ "సరే" అనుకున్నా చాలు. అందులో ఉండవలసినవి: ఎన్ని రీల్స్, ఎన్ని స్టోరీలు, ఏ రోజు పెడతారు, ఎంతకాలం పేజీలో ఉంచుతారు, డబ్బు ఎప్పుడు (సగం ముందు, సగం పోస్ట్ పడ్డాక అన్నది ఇద్దరికీ సౌకర్యం), ఆ వీడియోను మీ పేజీలో, మీ ప్రకటనల్లో వాడుకోవచ్చా, పోటీ వ్యాపారానికి ఎన్నాళ్ల దాకా చేయకూడదు, లేబుల్ ఏమని పెడతారు. వాడుకునే హక్కు గురించి ముందే మాట్లాడకపోతే తర్వాత గొడవలు అక్కడే వస్తాయి. వీడియో తీసినవాళ్లదే వీడియో. డబ్బు ఇచ్చినంత మాత్రాన మీది అయిపోదు.

వాళ్లు మీ గురించి ఏం చెప్పాలో పదం పదం రాసి ఇవ్వకండి. చెప్పకూడనివి మాత్రం రాసి ఇవ్వండి. "షుగర్ తగ్గుతుంది", "వంద శాతం వీసా గ్యారంటీ", "డబ్లిన్‌లో నంబర్ వన్" లాంటి మాటలు వాళ్ల నోట వచ్చినా జవాబుదారీ మీరే. ఇళ్ల లోన్లు, పెట్టుబడుల సలహాల వ్యాపారం అయితే సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ అనుమతి ఉన్న సంస్థకు తప్ప ప్రమోషన్ ఆలోచనే పెట్టుకోవద్దు.

ప్రకటన అని చెప్పి తీరాలి

ఐర్లండ్‌లో వినియోగదారుల హక్కులు చూసే సంస్థ సీసీపీసీ. 2022 డిసెంబరులో అది ఇన్‌ఫ్లుయెన్సర్ల పోస్టుల మీద ఒక పరిశీలన విడుదల చేసింది. ప్రకటనలుగా లెక్కకు వచ్చిన పోస్టుల్లో దాదాపు సగానికి ఏ లేబులూ లేదని తేలింది. ఆ తర్వాత 2023 అక్టోబరులో సీసీపీసీ, ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌ఏఐ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. వాటి సారం మూడు ముక్కల్లో చెప్పుకోవచ్చు. డబ్బు తీసుకున్నా, వస్తువు ఉచితంగా తీసుకున్నా, డిస్కౌంట్ కోడ్ మీద కమీషన్ వచ్చినా అది ప్రకటనే. ఇంగ్లిష్‌లో "యాడ్" అనో, ఐరిష్‌లో "ఫోగ్రా" అనో హ్యాష్‌ట్యాగ్ పెట్టాలి. అది మొదటే, "మోర్" నొక్కనక్కర లేకుండా, ఫోన్‌లో కంటికి ఆనేలా ఉండాలి.

ఇరవై హ్యాష్‌ట్యాగ్‌ల మధ్యలో దాచడం, "థాంక్స్ టు", "కొలాబ్" లాంటి గోడమీద పిల్లి మాటలు వాడటం కుదరదు. ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉండే "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" బటన్‌ను కూడా నొక్కమనండి. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం పెద్ద ప్లాట్‌ఫారాలు ఇలాంటి సదుపాయం ఇవ్వాలి. వీడియో అంతా తెలుగులో ఉంటే? లేబుల్ ఇంగ్లిష్‌లో పెట్టి, మొదటి ఐదు సెకన్లలో "ఇది పెయిడ్ ప్రమోషన్ అండి" అని నోటితో కూడా చెప్పిస్తే ఎవరికీ అనుమానం ఉండదు.

ఈ విషయంలో తప్పు ఇన్‌ఫ్లుయెన్సర్‌ది, మనకేం అనుకోవద్దు. ప్రకటన ఎవరిదో బాధ్యత వాళ్ల మీదా ఉంటుంది. ఐర్లండ్ వినియోగదారుల రక్షణ చట్టం 2007 ప్రకారం, డబ్బిచ్చి వేయించినదాన్ని మామూలు అభిప్రాయంలా చూపించడం నిషిద్ధం. 2022 చట్టంతో దొంగ రివ్యూలు కూడా ఈ జాబితాలో చేరాయి. "గూగుల్‌లో ఫైవ్ స్టార్ పెట్టండి, ఒక గులాబ్ జామూన్ ఫ్రీ" అని గ్రూపులో అడగడం మనకు ముచ్చటగానే ఉంటుంది, గూగుల్ నియమాలకు మాత్రం విరుద్ధం. తినని బంధువులతో పెట్టిస్తే చట్టానికే విరుద్ధం.

లేబుల్ పెడితే ఎవరూ చూడరన్న భయం చాలామందికి ఉంది. చిన్న ఊళ్లో ఆ భయం తిరగబడుతుంది. ఆ పేజీ యజమానీ మీరూ స్నేహితులని అందరికీ తెలుసు, పిల్లలు ఒకే స్కూల్లో చదువుతారు. దాచితేనే "డబ్బు తీసుకుని చెప్పలేదు చూశావా" అన్న మాట బతుకమ్మ దగ్గర పుడుతుంది.

స్టాంపు సంగతి మరవకండి

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, దీని గురించి ఏ రీల్‌లోనూ చెప్పరు. ఐర్లండ్‌లో మీ ఐఆర్‌పీ కార్డు మీద ఉన్న స్టాంపును బట్టి ఏ పని చేయవచ్చో నిర్ణయమవుతుంది. చదువుకోవడానికి వచ్చిన స్టాంప్ 2 విద్యార్థులు టర్మ్‌లో వారానికి 20 గంటలు, నిర్ణీత సెలవుల్లో 40 గంటలు ఉద్యోగం చేయవచ్చు. స్వయం ఉపాధి మాత్రం చేయకూడదు. చదువు అయ్యాక వచ్చే స్టాంప్ 1జీ కూడా సొంత వ్యాపారానికి అనుమతి ఇవ్వదు. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద వచ్చినవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే స్టాంప్ 1జీతో ఏ కంపెనీలోనైనా ఉద్యోగం చేయవచ్చు గానీ, వ్యాపారం పెట్టడానికి అది చాలదు. స్టాంప్ 4 ఉన్నవాళ్లకూ, ఐరిష్ పౌరులకూ ఈ అడ్డు లేదు.

ఇందులో రెండు చిక్కులు. ఒకటి మీ వైపు. వంట బాగా వచ్చిన గృహిణి, భర్త పర్మిట్ మీద స్టాంప్ 1జీలో ఉండి, "ఊరికే వీకెండ్ ఆర్డర్లు" అని మొదలుపెడుతుంది. పదిమందికి తెలిసినంత కాలం ఎవరూ అడగరు. రీల్ పడి ఐదువేల మంది చూశాక, పేరు, ఫోన్ నంబర్, మెనూ, ధరలు అన్నీ బహిరంగమే. రేపు స్టాంపు రెన్యూ చేయించుకునే రోజో, పౌరసత్వానికి అప్లై చేసే రోజో ఆ వీడియో ఇంటర్నెట్‌లో అలాగే ఉంటుంది. రెండోది అవతలి వైపు. మీకు రీల్ చేసి 100 యూరోలు తీసుకునే అబ్బాయి స్టాంప్ 2 విద్యార్థి అయితే, జీతం స్లిప్పు లేని ఆ రాబడి స్వయం ఉపాధి కిందికి వచ్చే అవకాశమే ఎక్కువ. "తమ్ముడూ, నీ స్టాంపు ఏంటి?" అని అడగడం మొహమాటంగా ఉంటుంది. అడగండి. అతని చదువు, మీ వ్యాపారం రెండూ దాని మీద ఆధారపడి ఉన్నాయి. మీ పరిస్థితి మీద ఏమాత్రం సందేహం ఉన్నా డబ్బు చేతులు మారకముందే ఇమిగ్రేషన్ సాలిసిటర్‌ను సంప్రదించండి.

వంట వ్యాపారమైతే

ఇంట్లో వండి అమ్మినా అది ఆహార వ్యాపారమే. హెచ్‌ఎస్‌ఈ పర్యావరణ ఆరోగ్య విభాగంలో ముందుగా రిజిస్టర్ కావాలి. దీనికి ఫీజు లేదు, ఇన్‌స్పెక్టర్ వచ్చి వంటగది చూస్తారు. నువ్వులు, వేరుశనగ, పాలు, గోధుమ, ఆవాలతో సహా 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం రాతపూర్వకంగా ఇవ్వాలి. మన వంటల్లో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, ఆవాలు లేనివి ఎన్ని చెప్పండి! రీల్‌లో తెలుగు రాని స్కూల్ ఫ్రెండ్ తల్లి కూడా మీ పులిహోర చూసి ఆర్డర్ పెడుతుంది. ఆ బిడ్డకు పల్లీ అలర్జీ ఉంటే? అందుకే మెనూ పోస్టర్‌లోనే అలర్జీ వివరాలు ఉండాలి, రీల్ క్యాప్షన్‌లోనూ ఒక వరుస ఉండాలి. అద్దె అపార్ట్‌మెంట్ అయితే లీజులో వ్యాపారం గురించి ఏముందో చదువుకోండి. మీ పేరుతో కాక "ఫలానా కిచెన్" అన్న పేరుతో నడిపితే ఆ పేరును సీఆర్‌వోలో నమోదు చేయించాలి.

జనం ఒక్కసారిగా వస్తే ఏమవుతుందో చెప్పడానికి మనకు కుమారి ఆంటీ కంటే మంచి ఉదాహరణ లేదు. హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్క భోజనం అమ్ముకునే దాసరి సాయికుమారి పేరు ఫుడ్ వ్లాగర్ల వీడియోలతో, "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అన్న మీమ్‌తో తెలుగు రాష్ట్రాలన్నీ మారుమోగింది. జనం పోటెత్తి ట్రాఫిక్ ఆగిపోవడంతో 2024 జనవరి చివర్లో పోలీసులు స్టాల్ మూయించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యంతో మళ్లీ అదే చోట నడుపుకోనిచ్చారు. చెర్రీవుడ్‌లో మీ బ్లాకు కింద యాభై మంది డబుల్ పార్కింగ్ చేస్తే మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది, ముఖ్యమంత్రి రారు. కాబట్టి రీల్ పడే ముందే ముందస్తు ఆర్డర్లే, ఇన్ని బాక్సులే, ఈ గంట నుంచి ఈ గంట దాకానే అని క్యాప్షన్‌లో రాయించండి. అయిపోయాక "ఈ వారం అయిపోయాయి" అని ఆ పేజీలోనే స్టోరీ పెట్టించడం కూడా ఒప్పందంలో కలుపుకోండి.

వచ్చినవాళ్లలో కొందరు ధర ఎక్కువంటారు, కొందరు కారం తక్కువంటారు. 2025 ఏప్రిల్‌లో అలేఖ్య చిట్టి పికిల్స్ విషయంలో జరిగింది గుర్తుండే ఉంటుంది. పచ్చడి ధర గురించి మాట్లాడిన కస్టమర్‌కు పంపిన ఒక దురుసు ఆడియో బయటకు వచ్చి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెరిగిన వ్యాపారం ఆ ఇన్‌స్టాగ్రామ్‌లోనే కొద్ది రోజుల్లో మూసుకునే దాకా వెళ్లింది. ప్రమోషన్ వారంలో మెసేజ్‌లకు జవాబు ఇచ్చే పని అలసిపోయి ఉన్న వంట మనిషికి కాకుండా, ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పడం మేలు. ధర గురించి అడిగితే ఆడియో వద్దు, రాసే పంపండి.

సినిమా పాట పెట్టవచ్చా?

పెట్టకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు రీల్స్‌కు దొరికే పాటలు వ్యాపార ప్రచారానికి ఇచ్చినవి కావు. బిజినెస్ అకౌంట్లకు చాలా సినిమా పాటలు కనబడకపోవడానికి కారణం అదే. ఇన్‌ఫ్లుయెన్సర్ అకౌంట్‌లో పాట దొరికినా, డబ్బు తీసుకున్న పోస్టుకు వాడితే వీడియో మ్యూట్ కావచ్చు, తీసేయవచ్చు, మ్యూజిక్ లేబుల్ నుంచి నోటీసు రావచ్చు. మెటా ఉచితంగా ఇచ్చే సౌండ్ కలెక్షన్‌లోనుంచి తీసుకోండి. అసలు మూకుడులో తాలింపు చిటపట, బిర్యానీ గిన్నె మూత తీసిన చప్పుడు చాలు.

ఫలితం కొలవడం

ప్రతి పేజీకి వేరే కోడ్ ఇవ్వండి. ఆ కోడ్ చెప్పినవాళ్లకు 1 యూరో తగ్గింపు. ఎవరి పేజీ నుంచి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో నెల చివర తెలిసిపోతుంది. గురువారం సాయంత్రం పెట్టించడం వారాంతపు ఆర్డర్లకు బాగా పనిచేస్తుంది. ఆదివారం రాత్రి పెడితే శనివారం దాకా ఎవరూ గుర్తుపెట్టుకోరు. దసరా, దీపావళి, సంక్రాంతి ముందు వారం అందరూ ప్రమోషన్లే చేస్తారు కాబట్టి రేట్లు పెరుగుతాయి, మీ పోస్టు ఆ గుంపులో కలిసిపోతుంది. పండగకు మూడు వారాల ముందు వేయించి ఆర్డర్లు బుక్ చేసుకోవడం తెలివైన పని.

బాగా నడిచిన రీల్ ఒకటి దొరికితే, కొత్త రీల్‌కు డబ్బు పెట్టే ముందు ఇంకో దారి చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో "పార్ట్‌నర్‌షిప్ యాడ్" అని ఉంటుంది. ఇన్‌ఫ్లుయెన్సర్ అనుమతి ఇస్తే, వాళ్ల పేరుతో ఉన్న అదే వీడియోను మీ డబ్బుతో చెర్రీవుడ్ చుట్టుపక్కల కొన్ని కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లకే చూపించవచ్చు. పెద్ద పేజీ మీద నమ్మకం, మీ ఊరి జనం, రెండూ ఒకేచోట కలుస్తాయి. చిన్న వ్యాపారానికి దీనికి మించిన సాధనం నాకు కనబడలేదు.

ఇచ్చిన డబ్బుకు ఇన్‌వాయిస్ తీసుకోండి, అది మీ వ్యాపార ఖర్చు. తీసుకున్నవాళ్లకు అది ఆదాయం. ఈ పనిని వ్యాపారంగా చేసేవాళ్లకు డబ్బుకు బదులు వచ్చిన వస్తువుల విలువ కూడా ఐరిష్ రెవెన్యూ దృష్టిలో ఆదాయమే. మీ అమ్మకాలు పెరిగితే వ్యాట్ రిజిస్ట్రేషన్ పరిమితి గుర్తుంచుకోండి: 2025 జనవరి 1 నుంచి వస్తువులకు ఏడాదికి 85,000 యూరోలు, సేవలకు 42,500 యూరోలు.

వేరే దేశాల్లో ఉన్నవారికి

అమెరికాలో ఎఫ్‌టీసీ తన ఎండార్స్‌మెంట్ మార్గదర్శకాలను 2023లో సవరించింది. దొంగ రివ్యూలను నిషేధించే నియమం 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారికి ఇక్కడి స్టాంపు లాంటి చిక్కే అక్కడా ఉంది, పక్క ఆదాయం తీసుకునే ముందు అటార్నీని అడగాలి. బ్రిటన్‌లో కూడా "యాడ్" లేబుల్ తప్పనిసరి, దొంగ రివ్యూల మీద నిషేధం 2025 ఏప్రిల్‌లో వచ్చింది. ఇండియాలో ఉన్న పేజీతో చేయిస్తుంటే, ప్రకటనల సంస్థ ఏఎస్‌సీఐ నియమాలు 2021 నుంచి, వినియోగదారుల శాఖ మార్గదర్శకాలు 2023 జనవరి నుంచి ఉన్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. దుబాయ్, అబుధాబిల్లో ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో డబ్బు తీసుకుని ప్రచారం చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లకు 2018 నుంచే లైసెన్సు విధానం ఉంది. మీ ప్రమోషన్ చేసేవాళ్ల దగ్గర ఆ అనుమతి ఉందో లేదో ముందుగా అడిగి, కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.